ఒక్క గడి నీడ

చేయవలసిన పనులు మూడు. సోలార్ ప్యానెళ్లు అమ్మేవాడి వేషంలో ఆ మేడలోకి దూరాలి. శాటిలైట్ నడినెత్తికి వచ్చేలోపు డాబా మీది ట్రాన్స్‌మీటర్‌ను ఆపాలి. ప్రాణాలతో తిరిగి రావాలి. మూడోదాని గురించి చీఫ్ పెద్దగా పట్టుపట్టలేదు.

ఆపకపోతే, విదేశీ ముఠాలో రహస్యంగా మన కోసం పనిచేస్తున్న ఒక డ్రైవర్ ఫొటో ఈ మేడలోని వాళ్ల మనుషుల ద్వారా అతని యజమానులకు చేరుతుంది. ఆ సంగతి తెలియక అతడింకా వాళ్ల కారే నడుపుతున్నాడు.

మన ఏజెంటును ఆఫీసులో ‘పంతులు’ అంటారు. ఏది అడిగినా పాఠం చెబుతాడు. అదే కొంప ముంచింది.

“మోనో రకం ప్యానెళ్లు వేయించమంటావా, పాలీ రకమా?” అన్నాడు ముఠా నాయకుడు డాబా మీద నిలబడి. పక్కనే అతని సెక్రటరీ, నల్ల కళ్లద్దాల్లో సినిమా తారలా ఉంది.

“చోటు తక్కువైతే మోనో సార్, ఉన్నంతలో ఎక్కువ కరెంటిస్తుంది. చోటుంటే పాలీ చవక. రేకుల కప్పు బరువు మోయదంటే పల్చటి థిన్ ఫిల్మ్. అయినా మీకెందుకండీ? ఈ పాతవే ఇంకో నాలుగేళ్లు లాగుతాయి.”

నాయకుడు నవ్వాడు. “పాతవి చాలనే సేల్స్‌మన్‌ని ఈ జన్మలో చూళ్లేదు. ఎవడ్రా నువ్వు?”

పెన్నులో పిస్టల్, వాచీలో కెమెరా లాక్కుని, పంతుల్ని డాబా మీది రేకుల గదిలోకి తోశారు. చేతులు చాస్తే రెండు గోడలూ తగులుతున్నాయి. పైన రేకు పెనంలా కాలుతోంది. ఊపిరి సరిగ్గా ఆడటం లేదు. కిటికీకి ఇనుప ఊచలు.

“మబ్బు పట్టేలా ఉందే!” తలుపవతల సెక్రటరీ గొంతు.

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. పంతులు ఉలిక్కిపడ్డాడు. అది మన కోడ్.

“నువ్వు మన...”

“బ్యాటరీ వైరు తెంపేశాను అన్నయ్యా. మెషిను ఇప్పుడు ఎండ మీదే నడుస్తోంది. తాళంచెవి వాడి జేబులో ఉంది. పాఠాలు తర్వాత!”

పంతులు చొక్కా విప్పి ఊచల్లోంచి చెయ్యి చాచాడు. చివరి ప్యానెల్ మూల, ఒకే ఒక్క గడి అందింది. వెలుతురు తగిలితే సిలికాన్‌లో ఎలక్ట్రాన్లు కదులుతాయి. ఆ కదలికే కరెంటు. గడులన్నీ ఒకే వరసలో కలిపి ఉంటాయి కాబట్టి, పైపును ఒక్కచోట నొక్కితే నీళ్లాగినట్టు, ఒక్క గడికి నీడపడితే వరసంతా చతికిలబడుతుంది. నీడపడ్డ గడిని తప్పించి కరెంటును పక్కదారిన పంపే డయోడ్లు ఈ పాతవాటిలో లేవు.

చొక్కా కప్పి అదిమాడు. మోచెయ్యి చుర్రుమంది. ట్రాన్స్‌మీటర్ హోరు ఆగిపోయింది.

“ఎవడ్రా ఆపింది!” నాయకుడు పరుగున వచ్చి చొక్కా లాగబోయాడు. పంతులు అతని టై దొరకబుచ్చుకుని ఒక్క గుంజు గుంజాడు. తల ఊచలకు ఠంగుమని, అతడు సొమ్మసిల్లాడు. జేబులోని తాళంచెవి పంతులు చేతికొచ్చింది. ఆకాశంలో శాటిలైట్ దాటిపోయాక, తలుపు కింద నుంచి తోసిన ఆ తాళంచెవితో సెక్రటరీ తాళం తీసింది.

మెట్ల కింద మనుషుల అడుగులు. “వెనక గోడ దూకాడు! అటు పట్టుకోండి!” సెక్రటరీ కేకకు అందరూ అటు ఉరికారు. పంతులు ముందు గేటులోంచి నడిచి వెళ్లాడు.

సాయంత్రానికి డ్రైవర్‌కు కబురందింది. కారు రోడ్డు మీదే వదిలేసి ఇంటికి చేరాడు. ఆమె మాత్రం రాలేదు. తెగిన బ్యాటరీ వైరుకు అక్కడ ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా.

మీరు ప్యానెళ్లు కొనేటప్పుడు డాబా మీద నీడ ఎక్కడ పడుతుందో చూసుకోండి. చూస్తూ చూస్తూ, ఆ నీడలోనే ఉండిపోయిన చెల్లెల్ని ఒక్కసారి తలుచుకోండి.