చివరి గదిలో వాన

“చినుకమ్మా చినుకమ్మా, తలుపేసిన ఇంట్లో నీకేం పనమ్మా…” అని చిన్నప్పుడు పాడుకునేవాళ్ళం. ఆ తర్వాత గొడుగో గంపో ఏదో వచ్చేది. ఎంత గింజుకున్నా గుర్తు రావడం లేదు. పోనీలెండి. తలుపేసిన గదిలో వాన కురవడం మా చెల్లెలు నిజంగానే విన్నది. అది చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

అది రాత్రిపూట తుడిచే పనికి కుదిరిన కాలేజీలో మూడో అంతస్తు చివరి గదికి చెడ్డపేరు. తలుపుకి ఎప్పుడూ తాళం. గడప సందులోంచి చల్లగాలి… వేళ్ళు పెడితే తడి. దానికి ముందు చేరిన ముగ్గురు ఆడవాళ్ళూ నెల తిరక్కుండానే చీపుర్లు పారేసి పోయారు.

“అందులో ఒకావిడ స్నానం చేస్తుంటుంది చెల్లెమ్మా,” అన్నాడు వాచ్‌మన్, గొంతు తగ్గించి. “నాలుగేళ్ళుగా… రోజూ రాత్రి.”

“నాలుగేళ్ళ స్నానమా! అంత మురికి ఏం పట్టిందన్నా ఆవిడకి?”

“నవ్వు, నవ్వు. పైకి వెళ్ళాక కూడా నవ్వు, చూద్దాం.”

నవ్వింది గానీ దానికీ భయమే. పారిపోదామంటే ఎక్కడికి పోతుంది? మా మరిది, అంటే దాని మొగుడు, నడుం పట్టేసి మంచాన పడి ఉన్నాడు. ఆ ఇల్లంతా దాని చీపురు మీదే నిలబడి ఉంది. మూడు నెలలు మాట రాకుండా చేస్తే పర్మనెంటు చేస్తామన్నారు. చిన్న ఫిర్యాదు వచ్చినా ఇంటికే.

మొదటి రాత్రి తుడుచుకుంటూ తుడుచుకుంటూ వరండా చివరికి వచ్చింది. బయట నిప్పులు కురిసే ఎండాకాలం. ఆకాశంలో మబ్బు తునక లేదు. తలుపు వెనక మాత్రం…

వాన.

ఆకుల మీద పడి, ఆకుల మీంచి జారి, కింద గుంటలో పడుతున్న వాన.

అయితే ఒక సంగతుంది. మేము మైలు దూరం నుంచి బిందెలు మోసి పెరిగినవాళ్ళం. నీళ్ళు ఊరికే పోతున్న చప్పుడు వింటే దానికి ఒళ్ళు మండుతుంది. భయం ఒక పక్క, ఒళ్ళుమంట ఒక పక్క — చివరికి ఒళ్ళుమంటే గెలిచింది. తలుపు పక్కన గోడకి లావుపాటి గొట్టం, దానికి ఎర్రచక్రం ఉన్న వాల్వు. పైన ఏదో రాసి అతికించిన కాగితం. అప్పటికి మా ఇద్దరికీ అక్షరాలు రావు. దెయ్యానికి రాసిన మంత్రమేమో అనుకుని, కాగితానికో దండం పెట్టి, చక్రం బిగించేసింది.

వాన… ఆగిపోయింది.

“చాల్లే తల్లీ,” అని తలుపుకి నోరు ఆనించి గుసగుసగా చెప్పింది. “ఇవాళ్టికి ఒళ్ళు తుడుచుకో. జలుబు చేస్తుంది.”

తెల్లారి దిగిపోయేముందు, పగటివాళ్ళకి అనుమానం రాకుండా చక్రం మళ్ళీ విప్పింది. అలా మూడు రాత్రులు కట్టింది. లోపల చడీచప్పుడూ లేదు. దెయ్యం దారికొచ్చిందనుకుంది.

ఆ తర్వాతి రాత్రి కూడా కట్టేసి, బకెట్టు అందుకుని వెనక్కి తిరిగింది. అప్పుడు…

టిక్…

టిక్… టిక్…

గోటితో స్టీలు గిన్నె మీద కొట్టినట్టు. అదీ నేలకి జానెడు ఎత్తులోంచి!

“ఎ… ఎవరమ్మా? నీళ్ళా?”

టిక్.

“స్నానానికా? తాగడానికా?”

టిక్… టిక్.

“అయ్యో, తాగడానికి కూడా లేకుండా చేశానా!” గబగబా చక్రం తిరిగినంత దూరం తిప్పేసింది. లోపల భోరున వాన. ఆ వెంటనే — నలభైమంది ఆడవాళ్ళు ఒక్కసారి విరగబడి నవ్వినట్టు నవ్వు!

బకెట్టు ఒక దిక్కు, అది ఒక దిక్కు. మూడు అంతస్తులూ ఎలా దిగిందో దానికే తెలియదు. తెల్లవార్లూ వాచ్‌మన్ కుర్చీ కాళ్ళు పట్టుకుని కూర్చుంది.

“నవ్వొచ్చిందా చెల్లెమ్మా?” అన్నాడతను.

“నాకు కాదన్నా… వాళ్ళకి.”

తెల్లారింది. ఏదో సభకి పొరుగూరు వెళ్ళి ఆ ఉదయమే వచ్చిన డాక్టరమ్మ, ఆ గది తాళంచెవి ఉన్నావిడ, చెప్పులైనా లేకుండా మెట్ల మీంచి పరుగెత్తుకొచ్చింది.

“పైన వాల్వు ఎవరు ముట్టుకున్నారు?”

వాచ్‌మన్ ఆకాశం వైపు చూశాడు. నాకేం తెలియదని ఒక్క మాటంటే సరిపోయేది. ఎవరు చూశారు గనక! కానీ దాని నోట్లో అబద్ధం నిలవదు. పర్మనెంటు పోయింది, ఇల్లు పోయింది అనుకుంటూనే చెప్పేసింది — “నేనేనమ్మా. ఆవిడ స్నానం చప్పుడు ఓర్చుకోలేక కట్టాను.”

డాక్టరమ్మ దాని చెయ్యి పట్టుకుని పైకి లాక్కెళ్ళి, ఆ తలుపు బార్లా తెరిచింది.

గోడ పొడుగునా అద్దాల పెట్టెలు. వాటినిండా నాచు, అడవి మొక్కలు, పైన జల్లు గొట్టాలు. ఆకుల మీద బొటనవేలి గోరంత, పసుపుపచ్చటి గోదురుకప్పలు! గొంతు సంచులు బుడగల్లా ఉబ్బించి… టిక్… టిక్. మొత్తం పదకొండు. ఎక్కడో వాన వదలని అడవిలో ఒకే ఒక్క లోయలో పుట్టేవట. ఇప్పుడు ఆ లోయలో ఒక్కటీ లేదట. దొంగలు ఎత్తుకుపోతారని, ఈ గదిలో ఏముందో బయటికి పొక్కనివ్వలేదట.

“ఈ పిసరంత వాటిదా, రాత్రి ఆ నవ్వు?” అంది మా చెల్లెలు.

“వాటిదే, జతకట్టే పాట,” అని డాక్టరమ్మ నీళ్ళలోకి వేలు చూపించింది. గాజుదారానికి ఆవాలు గుచ్చినట్టు… గుడ్లు.

“నాలుగేళ్ళుగా రోజూ రాత్రి మిషను పెట్టి వాన కురిపించాం. ఒక్క గుడ్డు పెట్టలేదు,” అంది కళ్ళు తుడుచుకుంటూ. “వీటికి వాన ఒక్కటే చాలదు, మధ్యలో తెరిపి కూడా కావాలని మాకు తట్టనే లేదు. మీటరు చూశాను. నిన్న రాత్రికి ముందు వరసగా నాలుగు రాత్రులు వాన మొదట్లోనే ఆగిపోయింది. ఒక రాత్రి ఎక్కువైతే ఎండి చచ్చేవి. ఒక రాత్రి తక్కువైతే ఈ గుడ్లుండేవి కావు. అంత లెక్కగా ఎలా కట్టారండీ?”

మా చెల్లెలు వేళ్ళ మీద రాత్రులు లెక్కపెట్టుకుంది.

వారం తిరక్కుండానే పర్మనెంటు కాగితం చేతికొచ్చింది. తెచ్చి నా ఒళ్ళో పెట్టింది గానీ మొహంలో నెత్తుటి చుక్క లేదు.

“ఇంకేమే? దెయ్యం కాదు, కప్పలని తేలింది. ఉద్యోగం నిలిచింది. ఇంకా ఆ మొహమేమిటి?” అన్నాను.

లేచి వెళ్ళి వీధి తలుపు గడియ వేసింది. నా చెవి దగ్గరికి వచ్చింది. ఆ గది గురించి అది నాతో అన్న ఆఖరి మాట అదే —

“శుక్రవారం కట్టింది నేను. శనివారం కట్టింది నేను. సోమవారం కట్టింది నేను… ఆదివారం నాకు సెలవక్కా.”