తిరగేసిన బజారు

“మధ్యాహ్నం పన్నెండింటికి పేల్చే ఫిరంగి మోగేసరికి యొకొహామా చేపల బజారులో బాంబు పేలుతుంది,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ ఇనొమాతా. “ఓతోసె చెక్క మీద చెక్కి అచ్చేసిన బజారు బొమ్మ కొను. అందులో పిల్లి కూర్చున్న పీపాలో ఉంటుంది బాంబు. ముఠా తనవాళ్ళను అటు పోనీయకుండా పెట్టించిన గుర్తది.”

ఆ పేరు వినగానే పోలీసు వేగు సహేజీ తలెత్తాడు. ఓతోసె ఒకప్పుడు అతని భార్య. రేవు మూయించాలని చూస్తున్న విదేశీ ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది, కానీ ఆమె పోలీసుల మనిషి.

చేపలవాడి వేషంలో బజారులోని ఆమె బొమ్మల కొట్టు ముందు ఆగాడు. పక్కనే ముఠా నాయకుడు గ్రోట్ చుట్ట కాలుస్తున్నాడు.

“బుడత చేపల బొమ్మలొచ్చాయా?” అడిగాడు. అది కోడ్ మాట.

“ఎండు చేపలవే ఉన్నాయి,” అంది ఓతోసె. “అయినా నువ్వేదీ నిదానంగా చూడవుగా! ఇదిగో బొమ్మ, పట్టుకుపో.”

ఎప్పుడూ ఇంతే. కలిసిన మరుక్షణం విడిపోవడమే.

బొమ్మలో ఎడమ వరస చివర పీపా, దాని మీద పిల్లి. సహేజీ అటు పరుగెత్తాడు. పీపా మూత లాగి అడుగుదాకా దేవాడు. అంతా ముల్లంగి ఊరగాయే.

“ఓరి సచ్చినోడా! చెయ్యి పెడతావా?” కొట్టు ముసలామె అరిచింది.

“రుచి చూద్దామని, అవ్వా...”

“మోచేతి దాకానా?”

పొగాకు గొట్టంలో దాచిన భూతద్దం తీసి బొమ్మను మళ్ళీ చూశాడు. బజారులో ప్రతివాడి కిమోనోకూ కుడి అంచే పైన ఉంది. అలా కట్టేది శవానికి!

చెక్క మీద తిరగేసి చెక్కితేనే కాగితం మీద సరిగ్గా పడుతుంది. ముఠాను బోల్తా కొట్టించడానికి ఓతోసె కావాలనే తిన్నగా చెక్కింది. అంటే ఎడమ కుడి అయింది!

కుడి వరస చివర అలాంటిదే మరో పీపా. దానికి ఆనుకుని, తన చోటు క్షేమమనుకుని, గ్రోట్ నిలబడి ఉన్నాడు. లోపల టిక్ టిక్. సహేజీ వాణ్ణి పక్కకు తోసి, పీపాను రేవు మెట్ల మీదుగా సముద్రంలోకి దొర్లించాడు. ఫిరంగీ బాంబూ ఒక్కసారే మోగాయి. నీళ్ళు ఇంటెత్తు లేచాయి.

పోలీసులు గ్రోట్‌కు సంకెళ్ళు వేసేసరికి ఓతోసె పొగ ఓడ ఎక్కేసింది. ముఠాలో మిగిలినవాళ్ళకు దొరక్కూడదు మరి. వెనక్కి తిరిగి చూడలేదు.

“ఎలా కనిపెట్టావ్?” అడిగాడు ఇనొమాతా.

“పొరపాటు చేసే చెయ్యి కాదు సార్ ఆమెది.”

“నిన్ను పెళ్ళి చేసుకుందిగా!”

సహేజీ ఓడ పొగ కనుమరుగయ్యేదాకా చూశాడు.

“అదీ దిద్దుకుందిగా సార్.”