చాటెడు తవుడికి కొన్న బిడ్డ

ఆదివారం పొద్దున్నే, బెంగాలీల ఊళ్లోని రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో గుమ్మం గుమ్మానికీ బొగ్గుల పొయ్యి రాజుకుంటోంది. చిట్టెమ్మ ఒక చేత్తో విసనకర్ర ఊపుతూ, రెండో చేత్తో కొడుకు తవిటయ్య మొలతాడు పట్టుకుని కూర్చుంది. పాకడం వచ్చిన దగ్గర్నుంచీ వాడికి ఇల్లు చాలడం లేదు. మంచం కోడు, తలుపు అంచు, నీళ్ల బాల్చీ, కనిపించిన ప్రతిదానికీ నుదురు అప్పగించి రావడమే పని. రోజుకో బొప్పి. కొంగు ముద్దచేసి, నోటి ఆవిరి పట్టి, అద్దీ అద్దీ ఆమెకు విసుగొచ్చేసింది.

"అద్దంలాటి బిడ్డ, నుదురు ఎలాగైపోయిందో సూడు," అంది సింహాచలమ్మ, ట్రంకు పెట్టె సర్దుకుంటూ. ఆవిడ చిట్టెమ్మ మొగుడు గణపతిరావుకి అక్క. సాయంత్రం బండికి పలాస వెళ్లిపోతోంది. తనతో పాటు తవిటయ్యను కూడా తీసుకుపోతానంటోంది.

ఆ మాట అనడానికి ఆవిడకో హక్కుంది మరి. చిట్టెమ్మ తొలిచూలు ఆడపిల్ల దక్కలేదు. అందుకని వీడు పుట్టగానే చాటలో పడుకోబెట్టి, తవుడికి అమ్మేశారు. అంత చవకబిడ్డ మీద మృత్యువు కన్ను పడదని నమ్మకం. చాటెడు తవుడిచ్చి కొనుక్కున్నది ఈ మేనత్తే.

"నాను కొన్న బిడ్డ ఈడు. పెంచమని నీ సేతికిచ్చినాను గానీ పగలగొట్టమని కాదు."

నవ్వుతూ అన్నా ఎవరికీ నవ్వు రాలేదు. చిట్టెమ్మ మొగుడి వంక చూసింది. గణపతిరావు వర్క్‌షాపులో ఫిట్టరు. అక్కడి ఫస్ట్ ఎయిడ్ జట్టుకు పెద్ద. పోటీలో గెలిచిన షీల్డు దేవుడి పటాల పక్కనే ఉంటుంది. పిల్లాడికి బొప్పి కట్టినప్పుడల్లా పెళ్లానికి పాఠం చెప్పడం ఆయనకు అలవాటైపోయింది.

"అప్ప సెప్పిందే బాగున్నాది. నడక కుదిరేదాకా అక్కడే ఉండనీ," అన్నాడు.

"పాలు తాగే పిల్లడు మావా!"

"మానిపించీడానికీ ఇదే అదును," అంది వదిన.

"నానివ్వను వదినా. సంపీసినా ఇవ్వను."

"ఒకదాన్ని పోగొట్టుకున్నాం!" గణపతిరావు గొంతు లేచింది. "ఇంకేటి సూడమంటావే నన్ను?"

నిజమేనేమో, తన చేతుల్లో పిల్లలు నిలవరేమో అని చిట్టెమ్మకే అనిపించింది. తవిటయ్యను తండ్రి ముందు దింపి, బిందె తీసుకుని వీధి కుళాయికి వెళ్లింది.

బిందె సగం నిండకముందే ఏడుపు వినిపించింది. అది రోజూ ఏడ్చే ఏడుపు కాదు. బిందె అక్కడే వదిలేసి పరుగెత్తింది.

వాకిట్లో మెట్టు అంచు తగిలి పిల్లాడి కనుబొమ చీరుకుపోయింది. నెత్తురు కంట్లోకి కారుతోంది. గణపతిరావు మోకాళ్ల మీద కూర్చుని, గట్టిగా అరుస్తున్నాడు.

"ఘబ్‌రావో మత్! హమ్ ఫస్ట్ ఎయిడర్ హై! భీడ్ హటావ్!"

కంగారు పడొద్దు, జనం తప్పుకోండి అంటూ పోటీలో చెప్పే హిందీ మాటలవి. అక్కడ చేసే ప్రతి పనీ జడ్జీకి వినపడేలా చెప్పాలి. అక్కడ దెబ్బ తగిలినవాడిలా పడుకునేది ఎర్రసిరా పూసుకున్న తోటి ఫిట్టరు. కట్టు కట్టేదాకా కిమ్మనడు. వీడు తన్నుకుంటున్నాడు, అమ్మ కోసం చేతులు చాస్తున్నాడు. చిట్టెమ్మ ముందుకు రాబోతే, "దూరం! దూరం!" అని ఆమె మీదా అరిచాడు. ఆమె చాచిన చేతులతో అలాగే నిలబడిపోయింది.

కట్టు కంటి మీదికి జారింది. మళ్లీ కట్టాడు. ముక్కు మీదికి జారింది.

"నిలవడం లేదు... అప్పా, ఇది నిలవడం లేదు!"

సింహాచలమ్మ గోడకు చేరగిలబడి, "అప్పన్నా, సింహాద్రప్పన్నా," అంటోంది తప్ప కదలలేకపోయింది.

చిట్టెమ్మ ఇంక ఆగలేదు. బిడ్డను లాక్కుని రొమ్ముకు అదుముకుంది.

"గుడ్డ మడతెట్టి నొక్కు మావా. నాను పట్టుకుంటాను, నువ్వు నొక్కు."

నొక్కాలని ఆయనకు తెలుసు. అయినా చెయ్యి రాలేదు. ఆమే ఆ చేతిని తీసుకుని గాయం మీద పెట్టి, పైన తన చెయ్యి వేసి అదిమింది. పిల్లాడు వెక్కుతూ పాలు తాగుతున్నాడు. నెత్తురు ఆగిందో లేదో చూడ్డానికి ఇద్దరికీ ధైర్యం చాలలేదు.

రిక్షాలో రైల్వే ఆసుపత్రికి తీసుకెళ్లారు. కుట్లు పడ్డాయి. వాంతులైనా, మరీ మగతగా ఉన్నా వెంటనే తీసుకురమ్మని, అంతవరకూ కనిపెట్టుకుని ఉండడమే తప్ప చేసేదేం లేదని డాక్టరు బెంగాలీలో చెప్పాడు. ఇద్దరూ తలలూపారు.

సాయంత్రం సింహాచలమ్మ ఒక్కతే రిక్షా ఎక్కింది. ఎక్కేముందు చిట్టెమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఈడు పడినప్పుడు నాను పక్కనే ఉన్నాను సిట్టెమ్మా. సెయ్యి సాస్తే అందేవోడు. సాచలేకపోయినాను. ఈడు నీ బిడ్డేనమ్మా."

గణపతిరావు మెట్టు మీద తలవంచుకుని కూర్చున్నాడు. చిట్టెమ్మకు ఎన్ని మాటలో నోటిదాకా వచ్చాయి. ఆయన భుజాలు అదరడం చూసి పిల్లాడిని ఎత్తుకునే పక్కన కూర్చుంది.

"ఎవలికి దెబ్బ తగిలినా కట్టు కట్టగల్నే," అన్నాడు ఏడుస్తూ. "కన్నబిడ్డ ఏడస్తుంటే సేతులు ఎలాగాడతాయో నాకు ఎవలూ సెప్పలేదు."

"నాకు మాత్రం ఎవలు సెప్పినారు మావా?"

"తప్పయిపోనాదే," అన్నాడు గణపతిరావు. ఆమె కళ్లు తుడుచుకుని పిల్లాడిని ఆయన ఒళ్లో పెట్టింది.

"సూస్తుండు. ఎసరెట్టి వస్తాను."

"నానా?"

"మరెవలు?"

ఆమె లోపల బియ్యం కడుగుతుంటే వాకిట్లోంచి కంగారుగా కేక వినబడింది.

"సిట్టెమ్మా! ఈడు దిగిపోతానంటున్నాడే! ఏటి సెయ్యను?"

ఆమె లేవబోయి, ఆగిపోయింది.

"దిగనీ మావా. నువ్వు ఎనకాలే ఉండు."