నీలం మీదే ఆగిన చక్రం

"చేత్తో ఆపకండి టీచర్, పిల్లలు చూస్తున్నారు."

ఎవెలియో నోటి నుంచి ఆ మాట జారగానే తిసిమిన్ ఊరి బడి జాతరలో ఆ మూల నవ్వులు ఆగిపోయాయి. రంగుల చక్రం పక్కన నిలబడ్డ సంగీతం టీచర్ లిహియా ముఖం కందిపోయింది.

చక్రానికి నాలుగు రంగులు, నాలుగూ సమాన భాగాలే. నలభైసార్లు తిప్పితే ఒక్కోటి పదికి అటూ ఇటూగా రావాలని లెక్కల మాస్టారు ఎవెలియో వారమంతా ఏడో తరగతికి చెప్పాడు. తీరా తిప్పితే ఒక్క నీలమే పందొమ్మిదిసార్లు వచ్చింది. నీలం లిహియా జట్టు రంగు, వచ్చినప్పుడల్లా ఆ జట్టుకే పాయింటు.

"నేను ముట్టుకోలేదు మాస్టారూ."

"అలా వచ్చే అవకాశం ఎంత తక్కువో తెలుసా మీకు?"

"తెలీదు. ముట్టుకోలేదని మాత్రం తెలుసు."

అప్పటిదాకా తనతో జోకులేస్తున్న వ్యాయామం మాస్టారు రెనాన్‌కు చక్రం అప్పగించి ఆమె బయట పడుతున్న వానలోనే వెళ్ళిపోయింది.

సోమవారం తన మాటే నిజమని తేల్చుకుందామని ఎవెలియో ఖాళీ తరగతిలో చక్రం ముందు కూర్చున్నాడు. తిప్పాడు, రాసుకున్నాడు, మళ్ళీ తిప్పాడు. పక్కన ఎవరూ లేరు. అయినా పైనున్న ముల్లు మాటిమాటికీ నీలాన్నే చూపిస్తోంది. చక్రం చివర్లో కాస్త ఊగి, నీలానికి ఎదురుగా ఉన్న పసుపు భాగం అడుగుకు దిగాకే ఆగుతోంది. వెనక్కి తిప్పి చూశాడు. పసుపు వెనకాల బరువైన ఇనుప పట్టీ. జాతర ముందురోజు పగులు కనిపిస్తే మేకులు కొట్టి దాన్ని బిగించింది తనే.

చెవులు వేడెక్కాయి. ఆ పూట అన్నం సయించలేదు.

అందరి ముందూ అన్న మాటను చాటుగా వెనక్కి తీసుకోవడం కుదరదు. చక్రం మోసుకుని సంగీతం తరగతికి వెళ్ళి, ఆమె ఎదుటే ఏడో తరగతి పిల్లలకు పట్టీ చూపించాడు. టీచర్ తప్పు రవ్వంతైనా లేదన్నాడు. ముందు బెంచీలో పిల్ల లేచి, అయితే మీరు చెప్పిన లెక్క తప్పా అని అడిగింది.

"లెక్క తప్పు కాదమ్మా. చక్రం సమంగా ఉంటేనే ఆ లెక్క. సమంగా ఉందో లేదో నేను చూడలేదు. తిప్పితే వచ్చింది కళ్ళముందున్నా నమ్మలేదు."

గంట కొట్టారు. పిల్లలు వెళ్ళిపోయారు. ఎవెలియో తల ఎత్తలేకపోయాడు.

"ఇంకోటుంది టీచర్. రెనాన్‌తో మీరు నవ్వుతుంటే చూడలేకపోయాను. ఆ కోపమే అలా వచ్చింది."

లిహియా గిటారు తీగ సవరించింది.

"అంటే మీ అనుమానం నా చెయ్యి మీద కాదు, నా నవ్వు మీదన్నమాట."

"మీరంటే ఇష్టం. ఇలా చెప్పాల్సి రావడం సిగ్గుగా ఉంది."

"సిగ్గుగానే ఉండాలి," అంది. పెదవి చివర మాత్రం కాస్త కదిలింది. "నేను చక్రం ఆపానన్న మాట ఊళ్ళో తిరిగి మా అమ్మ చెవిన పడింది. ఆదివారం వచ్చి ఆవిడకూ చెప్పండి. రెండోది కూడా."

ఆదివారం లిహియా వాళ్ళ వంటింట్లో నిలబడి ఎవెలియో రెండూ చెప్పాడు. పెద్దావిడ పెనం మీది రొట్టె తిరగేస్తూ విన్నది. కూర్చోమని కళ్ళతోనే చెప్పి, గుమ్మడిగింజల పులుసులో ముంచి గుడ్డు చుట్టిన రొట్టెలు వడ్డించింది. అతను తల వంచుకుని ఒక్కటే తిన్నాడు.

"వచ్చే ఆదివారం కూడా రా నాయనా," అందావిడ. "అప్పటికి సిగ్గు తగ్గి సరిగ్గా తింటావు."

గుమ్మంలో లిహియా నవ్వింది. ఈసారి అతని వైపే చూస్తూ.