వాయవ్యంలో వంటిల్లు

తెల్లారి చాయ్ ఇంకా గొంతు దిగకముందే గట్టయ్య ఇంట్లో లొల్లి మొదలైంది. గోదావరిఖని క్వార్టర్లలో ఒకరింటి గొడవ పదిళ్లకు పంచినట్టే. పక్కింటి సారక్క ఊడ్చిన వాకిలినే మళ్లీ ఊడుస్తూ చెవులు ఇటే పెట్టింది.

గట్టయ్య బొగ్గుబాయి కార్మికుడు. రిటైరయ్యేలోగా సొంతిల్లు లేవాలని అతని పట్టుదల. ఆ ఉదయమే, కొనుక్కున్న జాగాలో మేస్త్రీ శివ పునాదికి ముగ్గు పోయాలి. కూతురు శోభ చదివిన చదువు కూడా ఇళ్ల గురించే. ఇల్లు కట్టకముందే కంప్యూటర్లో కట్టి, ఏ గది ఎంత కాగుతుందో, ఎంత కరెంటు తింటుందో చూసి, దాన్ని తగ్గించే దారి చెప్తుంది.

"గది గదికి ఏసీ ఎందుకు బాపు? స్లాబు మీద తెల్లరంగు, కిటికీలకు సజ్జలు ఉంటే ఒక్కటి సాలు."

"బొగ్గు తవ్వి నిన్ను చదివిచ్చిన. అందరు కరెంటు తక్కువ కాలిస్తే బొగ్గెవడు కొంటడే? తిన్న తల్లెల మన్ను పోసుడంటే గిదే!"

"నీకు క్వార్టర్ల ఫిరీ కరెంటు అలవాటైంది. తలుపులు బార్ల తెరిచి ఏసీ ఏస్తవ్!"

"ఏస్త! బాయిల చెమట కక్కి వచ్చినోడు సల్లగ పండుకుంటే నీకేం నొప్పి?"

ఇద్దరిదీ ఒకటే ముక్కు, ఆ ముక్కు మీద ఒకటే కోపం. ఒక్క విషయంలో మాత్రం తండ్రీకూతుళ్లకు పొత్తు కుదిరింది. వంటిల్లు వాయవ్యం మూలకు జరపాలి. పడమటి ఎండను అది ఆపితే పడకగది చల్లగా ఉంటుంది. వాస్తుకు కూడా పర్వాలేదని శివ చెప్పాడు.

గిన్నె తోముతున్న పూలమ్మ లేచి వచ్చి భర్త వెనక నుంచి శోభ కంప్యూటర్ తెర మీదికి వంగింది. గదులన్నీ నీలంగా ఉన్నాయి. మూలన ఒకటి ఎర్రగా ఉంది.

"గా ఎర్రదేందే?"

"వంటిల్లమ్మా. ఎండంతా అదే పట్టుకుంటది. మిగతా ఇల్లు సల్లగుంటది."

"గా వంటింట్ల ఎవలుంటరు?"

శోభ తన లెక్క మళ్లీ తెరిచి చూసింది. వంటింటికి ఏసీ లేదు కనుక లెక్కలో కరెంటు లేదు. కరెంటు లేదు కనుక అందులో ఉండే మనుషుల దగ్గర సున్నా వేసి వదిలేసింది.

గట్టయ్య విసుక్కున్నాడు. "వంటెంతసేపే? జర ఓర్సుకుంటే..."

పూలమ్మ చేతిలో గిన్నె నేలకేసి కొట్టింది. బయట సారక్క చీపురు ఆగిపోయింది.

"ఓర్సుకోవాల్నా? మొదటి షిఫ్టు దిగి మూడింటికి నువ్వచ్చే యాళ్లకు అన్నం పొగలు గక్కాలె. గా ఎండల నీ ఏసీ ఒండుతదా? నువ్వు బాయి దిగుతవ్, మళ్ల ఎక్కుతవ్. దిగినందుకు మస్టరు పడ్తది, జీతమస్తది. నా బాయి ఇంట్లనే ఉన్నది. దిగుడే గని ఎక్కుడు లేదు! బొగ్గుకు కొట్లాడిన్రు, కరెంటుకు కొట్లాడిన్రు. నన్ను గోడ జేసి ఎండకు అడ్డం నిలబెట్టే కాడ మాత్రం ఇద్దరొక్కటైన్రు!"

గట్టయ్య తల దించుకున్నాడు. గాలాడని చోట పని ఎట్లా ఉంటుందో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు. అయినా తన వంటింటి గురించి ఆ ఆలోచన ఎన్నడూ రానందుకు సిగ్గుతో చచ్చిపోయాడు.

శోభ ఏడ్చేసింది. "తప్పయింది అమ్మా. అన్ని లెక్కవెట్టి నిన్నే మరిచిన."

"ఏడుపు తర్వాత. నడువుండ్రి జాగకాడికి."

శివ ముగ్గుపిండితో ఎదురుచూస్తున్నాడు. పూలమ్మ ఖాళీ జాగా అంతా తిరిగి, తూర్పు దిక్కున, మధ్యాహ్నం ఎండ తగలని చోట నిలబడింది.

"ఈడ."

"మరి పడకగది కాగుతది గదా పూలా?" గట్టయ్య మెల్లగా అడిగాడు.

"కాగితే నీ బిడ్డనడుగు. సజ్జలంటది, తెల్లరంగంటది. చెప్పినట్టు చెయ్యి."

గట్టయ్య శివ చేతిలోని పిండి తీసుకుని, వంగి, ఆమె చుట్టూ తానే ముగ్గు పోయసాగాడు. శోభ కన్నీళ్లతోనే కొలత దారం పట్టింది. పూలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. కోపం మాత్రం ఇంకా గొంతులోనే ఉంది.

"ముగ్గు ఇంకింత ఎడంగ పొయ్యి," అంది. "రేపు ఇల్లు లేస్తే నువ్వు గూడ ఈ వంటింట్ల నిలబడాలె."