టీవీలో అత్త చేతులు

ఆదివారం పొద్దున తెక్కలకోటలో సుబ్బరామి ఇంట్లో అందరూ టీవీ ముందు చేరారు. దేశదేశాల వంట దినుసుల మీద వస్తున్న ధారావాహికలో ఆ రోజు వీళ్లింటి మిరపకారం వంతు. కిందటి వారం ఎక్కడో సముద్రం అవతలి దాల్చినచెక్కను చూపించారు. కోడలు రోహిణి అత్త నాగలక్ష్మమ్మను చెయ్యి పట్టుకుని తెచ్చి ముందు కూర్చోబెట్టింది.

బ్యాడిగి మిరపకాయలు ఆరబోసిన కళ్లం కనిపించింది. తెర మీద మామ సుబ్బరామి కుర్చీలో కూర్చుని, "మా నాయన కాలం నుంచి ఈ కారం మాదే" అంటున్నాడు. తర్వాత ధనియాలు వేయిస్తున్న రెండు చేతులు, రోట్లో దంచుతున్న రెండు చేతులు. మోచేతుల పైన ఇంకేమీ చూపించలేదు. కార్యక్రమం అయిపోయింది.

"అత్త యాడ మామా? పొయ్యి ముందర దినమంతా నిలబడి టీవీవాళ్లకు చెప్పింది ఏమాయె?" రోహిణి అడిగింది.

సుబ్బరామి మీసం దువ్వుకున్నాడు. "నేనే వద్దంటి. మన ఆడోళ్ల ముఖాలు లోకమంతా చూడాల్నా? మర్యాద ఉండాది కదా."

రోహిణికి ఒళ్లు మండింది. "ఎండలో కూలోళ్ల మధ్య నిలబడి కాయలు కోయించేటప్పుడు లేని మర్యాద ఇప్పుడు యాడనుంచి వచ్చె? చేతులు మండి నిద్ర పట్టనిది ఆమెకు. పేరు మీకా?"

"పెద్దోళ్లతో మాట్లాడే తీరేనా ఇది?" అన్నాడు భర్త సుదర్శన్.

"మీ అమ్మ పేరు ఒక్కసారన్నా వినపడిందేమో చెప్పు, తీరు తర్వాత నేర్చుకుంటా."

అతను తల దించుకున్నాడు. అత్త తననే కసురుతుందని రోహిణి అనుకుంది. ఎప్పుడూ అంతే. కానీ నాగలక్ష్మమ్మ భర్త వైపు తిరిగింది.

"ఆ దినం తలంటుకొని, పెట్టెలో పట్టుచీర తీసి కట్టుకుంటి," అంది మెల్లగా. "నువ్వు చూసి బాగుండావే అంటివి. అప్పటికే వాళ్లకు వద్దని చెప్పింటివా?"

సుబ్బరామి మీసం మీది చెయ్యి దించాడు. ఆయన అంతగా చిన్నబోవడం రోహిణి ఎన్నడూ చూడలేదు.

అంతలో పక్కింటి దురుగప్ప వాకిట్లోకి వచ్చాడు. "భలే చెప్తివి సుబ్బరామప్పా. ఆ కారం యట్ల చేసేదో మా ఇంట్లో అడుగుతాండారు."

"నాకేం తెలుసప్పా? తినేవాణ్ణి నేను. చేసేది నాగలక్ష్మి." అన్నాడు సుబ్బరామి. దురుగప్ప వింటుండగానే భార్యతో, "నాది తప్పే," అన్నాడు.

నాగలక్ష్మమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మీ ఇంటామెను పిలుచుకొని రా దురుగప్పా, చెప్తా. మధ్యలో ఎవురూ నన్ను కోసేయకుంటే చాలు."

రోహిణికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. సుబ్బరామి లేచి తన కుర్చీ భార్యకు జరిపి, తను గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు, వినడానికి.