సగం షెడ్డు

"మూడు నెలల కింద మీ అన్నయ్య మీద కూలిన షెడ్డు గుర్తుందా?" అడిగాడు చీఫ్.

మరిచిపోతే కదా! రివెట్ పళ్లు బిగించాడు. సీక్రెట్ సర్వీస్‌లో అతని కోడ్‌నేమ్ అది. అంతకుముందు స్టీలు కట్టడాల ఇంజనీరు.

"దాని కంప్యూటర్ మోడల్ పాస్ చేసింది విదేశీ ముఠా మనిషి. ప్రొఫెసర్ అంటారు. ఇవాళ పదకొండింటికి వాడే పాస్ చేసిన ఇంకో షెడ్డులో క్రేన్ మొదటి లోడ్ ఎత్తుతుంది. కింద మూడొందల మంది. సాక్ష్యం పట్టుకురా. వాణ్ని మాత్రం చంపకు."

"మాటివ్వలేను సార్."

పదింబావుకి రివెట్ ఏసీ మెకానిక్ వేషంలో ఆ ఫ్యాక్టరీ డిజైన్ రూంలో ఉన్నాడు. ప్రొఫెసర్ సెక్రటరీ హైహీల్స్ టకటకలాడిస్తూ వచ్చింది. ముఠా జీతం తింటూ సర్వీస్‌కి పనిచేసే డబుల్ ఏజెంట్.

"గాలి ఎటు?"

"పక్కకి."

కోడ్ కుదిరింది. లిప్‌స్టిక్ మూతలోంచి షెడ్డు మోడల్ ఉన్న పెన్‌డ్రైవ్ తీసిచ్చింది. "త్వరగా కానివ్వు బాబూ. పది యాభైకి ఆ ముసలాడు ఎయిర్‌పోర్టుకి చెక్కేస్తాడు."

రివెట్ మోడల్ తెరిచాడు. తెరమీద షెడ్డు సగమే ఉంది. రెండు వైపులా ఒకేలా ఉంటే సగమే లెక్కగట్టి, మిగతా సగం అద్దంలో బొమ్మ అనుకోవడం ఇంజనీర్లకు మామూలే, టైమ్ కలిసొస్తుంది. కానీ అలా చూస్తే షెడ్డు మొత్తం ఒక పక్కకి ఒరగడం ఎవరికీ కనబడదు.

మొత్తం షెడ్డుని సన్నటి మెష్‌తో, అంటే చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, లెక్క నడిపితే ఆరు గంటలు. రివెట్ దూలాలన్నీ ఉత్త గీతల్లా పెట్టి, అనుమానమున్న రెండు స్తంభాల మొదళ్లకి మాత్రం సన్నటి మెష్ వేశాడు. నాలుగు నిమిషాల్లో ఫలితం వచ్చింది. ఎనభై శాతం లోడుకే షెడ్డు పక్కకి ఒరిగి కూలుతుంది.

"ఫోన్ చేసి ఆపించు!" అందామె.

"ఏసీ మెకానిక్ మాట ఎవడు వింటాడమ్మా? ఇక్కడ ఆపమనే హక్కు మోడల్ మీద సంతకం పెట్టినవాడొక్కడికే."

కారెక్కబోతున్న ప్రొఫెసర్ డొక్కలో స్క్రూడ్రైవర్‌లా కనిపించే పిస్టల్ గుచ్చి, నడిపించుకొచ్చి సరిగ్గా క్రేన్ కింద నిలబెట్టాడు. సైరన్ మోగింది. తాళ్లు బిగుసుకున్నాయి. గోడమీద లోడు చూపే బోర్డు అరవై శాతం చూపించింది.

"నాకు విమానం టైమైంది నాయనా!"

"మీ షెడ్డే కదండీ, భయమెందుకు? మా అన్నయ్యా ఇలాగే నించున్నాడు."

డెబ్బై. స్తంభం కిర్రుమంది. చుట్టూ మూడొందల మంది తలలెత్తి చూస్తున్నారు. రివెట్ మాత్రం వీపు వంచలేదు.

డెబ్బై ఆరు.

"ఆపండ్రోయ్! దించండి! ఇది కూలుద్ది! నేనే కూలేలా చేశా!"

ఆ గావుకేక రివెట్ చొక్కా బొత్తంలోని మైకులోనూ పడింది. డెబ్బై తొమ్మిది దగ్గర బోర్డు ఆగి, వెనక్కి తిరిగింది.

"చెయ్యి చేసుకున్నావా?" తర్వాత అడిగాడు చీఫ్.

"అబ్బే, లేదు సార్. పెద్దాయన ఎండలో నిలబడుంటే, నీడకి తీసుకెళ్లాను."